వర్చువల్ ల్యాబ్‌లో నాడీకణం: మౌస్ కంటే ముందు పెన్సిల్

హైస్కూల్ జీవశాస్త్రంలో మిగతా పాఠాలకు ఏదో ఒక ప్రయోగం కుదురుతుంది. కిరణజన్య సంయోగక్రియకు హైడ్రిల్లా, గరాటు, పరీక్షనాళిక చాలు. నాడీ వ్యవస్థ దగ్గరికి వచ్చేసరికి ల్యాబ్ చేతులెత్తేస్తుంది. నాడీకణంలో ఒక సంకేతం పుట్టి చల్లారడానికి పట్టేది ఒకటి రెండు మిల్లీసెకన్లు. దాన్ని పట్టుకునే మైక్రో ఎలక్ట్రోడ్, యాంప్లిఫయర్, ఆసిలోస్కోప్ ఏ బడిలో ఉంటాయి? కాబట్టి ఈ పాఠానికి వర్చువల్ ల్యాబ్ అదనపు హంగు కాదు, ఉన్న ఒకే దారి.

చిక్కల్లా ఏమిటంటే, తెర మీద బొమ్మ కదలగానే అది సినిమా అయిపోతుంది. పిల్లలు కళ్ళప్పగించి చూస్తారు, ‘మళ్ళీ ఒకసారి సార్’ అంటారు. మర్నాడు ‘సోడియం లోపలికి పోతుందా, బయటికి వస్తుందా’ అని అడిగితే సగం క్లాసు గాల్లో చెయ్యి ఊపుతుంది. దీనికి మందు ఒక్కటే: క్లిక్ చేసే ముందు ప్రతి పిల్లా, పిల్లవాడూ ఏం జరుగుతుందో నోట్‌బుక్‌లో పెన్సిల్‌తో గీయాలి. గీశాకే మౌస్. ఈ మార్గదర్శిలో చెప్పే ప్రతి పనీ ఆ వరుసలోనే ఉంటుంది.

ఏది ఎవరికి

ఉచితంగా దొరికేవాటిలో మూడు చాలు. పదో తరగతికి అమెరికాలోని కొలరాడో విశ్వవిద్యాలయం వారి ఫెట్ సిమ్యులేషన్లలో ‘న్యూరాన్’ అనేది. భౌతికశాస్త్ర నోబెల్ గ్రహీత కార్ల్ వీమన్ 2002లో మొదలుపెట్టిన ప్రాజెక్టు ఇది. కాస్త చురుకైన క్లాసుకు, సైన్స్ క్లబ్బుకు హెచ్‌హెచ్‌ఎంఐ బయోఇంటరాక్టివ్ (అమెరికాలోని హోవార్డ్ హ్యూస్ మెడికల్ ఇన్‌స్టిట్యూట్ విద్యా విభాగం) వారి న్యూరోఫిజియాలజీ వర్చువల్ ల్యాబ్, అంటే జలగ ప్రయోగం. ఇంటర్ రెండో సంవత్సరం జువాలజీ పిల్లలకు, కేంద్ర ప్రభుత్వ వర్చువల్ ల్యాబ్స్ పథకం కింద అమృత విశ్వవిద్యాపీఠం తయారుచేసిన న్యూరాన్ సిమ్యులేషన్ ల్యాబ్.

పాత యూట్యూబ్ వీడియోల్లో, పాత శిక్షణ కరపత్రాల్లో కనిపించే లింకులు చాలా వరకు పనిచేయవు. అవి ఫ్లాష్ అనే పాత యానిమేషన్ సాఫ్ట్‌వేర్‌లో తయారైనవి. 2020 డిసెంబర్ 31తో ఫ్లాష్‌కు మంగళం పాడేశారు. తెర నల్లగా వచ్చినా, ప్లగిన్ కావాలని అడిగినా మీ కంప్యూటర్‌లో తప్పు వెతక్కండి, కొత్త హెచ్‌టీఎంఎల్ రూపం కోసం చూడండి.

ముందు రోజు సాయంత్రం

ఫెట్ సిమ్యులేషన్‌ను డౌన్‌లోడ్ చేసుకోవచ్చు. ఒకే ఒక్క హెచ్‌టీఎంఎల్ ఫైలు. పెన్‌డ్రైవ్‌లో వేసుకుంటే బడిలో నెట్ అక్కర్లేదు. దాన్ని రెండు చోట్ల ఉంచండి, ఒకటి పెన్‌డ్రైవ్‌లో, ఒకటి క్లాసులోని ఐఎఫ్‌పీ ప్యానెల్ (పెద్ద టచ్‌స్క్రీన్ తెర) లోపలి మెమరీలో. ఐఎఫ్‌పీ ప్యానెల్ మీద తెరిచేటప్పుడు ఒక తిరకాసు ఉంది. ఫైల్ మేనేజర్‌లో దాన్ని తాకితే కొన్ని ప్యానెళ్ళు క్రోమ్‌లో కాకుండా తమ సొంత వ్యూయర్‌లో తెరుస్తాయి. అప్పుడు తెల్లటి పేజీ తప్ప ఏమీ రాదు. ‘దేనితో తెరవాలి’ అనే ఆప్షన్‌లో క్రోమ్ ఎంచుకోండి. ఇది క్లాసులో నలభై మంది ముందు కనుక్కునే సంగతి కాదు, ముందు రోజే చూసుకోవాలి.

మూడు స్క్రీన్‌షాట్లు కూడా ప్రింటు తీసి పెట్టుకోండి: విరామంలో ఉన్న పొర, సోడియం ద్వారాలు తెరుచుకున్న క్షణం, పొటాషియం ద్వారాలు తెరుచుకున్న క్షణం. కరెంటు పోతే పాఠం ఆగదు. కరెంటు పోకపోయినా చివర్లో వీటిని కలగలిపి ఇచ్చి వరుసలో పెట్టమనడం మంచి పరీక్ష.

సిమ్యులేషన్ ఇంగ్లిష్‌లో తెరుచుకుంటే బోర్డు మీద ఒక మూల పట్టిక రాసి పీరియడ్ అంతా చెరపకుండా ఉంచండి: స్టిమ్యులేట్ అంటే ఉద్దీపన ఇవ్వడం, గేటెడ్ ఛానెల్ అంటే తలుపున్న ద్వారం, లీక్ ఛానెల్ అంటే ఎప్పుడూ తెరిచే ఉండే ద్వారం, మెంబ్రేన్ పొటెన్షియల్ అంటే పొరకు లోపలా బయటా ఉన్న వోల్టేజి తేడా.

మొదటి 10 నిమిషాలు: స్కేలు

తెర జోలికి పోకముందు ప్రతి జంటకూ ఒక 30 సెంటీమీటర్ల స్కేలు. ఒకరు పై కొస పట్టుకోవాలి. రెండోవారు సున్నా గీత దగ్గర బొటనవేలు, చూపుడువేలు తెరిచి ఉంచాలి, తాకకూడదు. చెప్పకుండా వదలాలి. పట్టుకున్న చోట గీత చదవాలి. ఆరుసార్లు చేసి మొదటిది వదిలేసి మిగతా ఐదింటి సగటు తీయాలి. పడిన దూరాన్ని మీటర్లలోకి మార్చి, రెండుతో హెచ్చించి, 9.8తో భాగించి వర్గమూలం తీస్తే కాలం వస్తుంది. లెక్క బరువనుకుంటే సిద్ధంగా ఉన్న అంకెలివి: 10 సెంటీమీటర్లకు 0.14 సెకను, 15కు 0.17, 20కి 0.20, 25కు 0.23.

ఎవరికైనా 5 సెంటీమీటర్ల లోపు వస్తే అది ప్రతిభ కాదు. వదిలేవాడి వేళ్ళు కదలడం చూసి ముందే మూసేస్తున్నాడు, లేదా వేళ్ళు స్కేలుకు తగిలి ఉన్నాయి. వదిలేవాళ్ళ చేతికి అడ్డంగా పుస్తకం పెట్టండి.

ఇక్కడే ఒక తప్పు సరిదిద్దాలి. స్కేలు పట్టుకోవడం ప్రతీకార చర్య కాదు. వేడి పెనం తగిలి చెయ్యి లాక్కోవడం ప్రతీకార చర్య, దాని దారి వెన్నుపాము దగ్గరే తిరిగిపోతుంది. స్కేలు విషయంలో కన్ను చూసింది, మెదడు నిర్ణయించింది, చెయ్యి కదిలింది. పిల్లలు రెండింటినీ కలిపేస్తారు, కొన్ని గైడ్లు కూడా.

ఇప్పుడు బోర్డు మీద ఒక ప్రశ్న వెయ్యండి: కన్ను నుంచి మెదడుకు, మెదడు నుంచి చేతికి దారి ఒక మీటరు అనుకుందాం. మైలిన్ అనే కొవ్వు తొడుగున్న నాడి సెకనుకు 50 మీటర్ల వేగంతో సంకేతం పంపితే ఎంత కాలం? 0.02 సెకను. మరి కొలిచింది 0.17. మిగతా 0.15 ఎక్కడికి పోయింది? జవాబు వెంటనే చెప్పకండి. కంటిలోని కణాలు స్పందించడానికి, ఒక్కో నాడీకణ సంధి (రెండు నాడీకణాల మధ్య సందు) దాటడానికి, మెదడు నిర్ణయానికి, కండరం బిగియడానికి. కానీ అది పిల్లల నోటి నుంచే రావాలి.

ఫెట్ న్యూరాన్: ముందు నిశ్శబ్దం

సిమ్యులేషన్ తెరవగానే కనిపించేది ఆక్సాన్‌ను, అంటే నాడీకణపు పొడవాటి తంతువును, అడ్డంగా కోసిన గుండ్రటి ముఖం. చుట్టూ పొర, పొరలో ద్వారాలు, లోపలా బయటా అయాన్లు. అందరి చెయ్యీ ఉద్దీపన బటన్ మీదికే పోతుంది. ఆపండి. ఐదు నిమిషాలు బటన్ ముట్టకుండా గడపాలి.

‘కాన్సన్ట్రేషన్స్’ గడిలో టిక్ పెట్టించండి. సోడియం ఎటు ఎక్కువ, పొటాషియం ఎటు ఎక్కువ? తెర మీది నాలుగు సంఖ్యలూ నోట్‌బుక్‌లో రాసుకోవాలి. సోడియం బయట ఎక్కువ, పొటాషియం లోపల ఎక్కువ. ‘ఛార్జెస్’ గడి పెడితే లోపలివైపు రుణ గుర్తులు, బయట ధన గుర్తులు వస్తాయి. ఇక్కడ ఆలోచించే పిల్ల ఎవరైనా తప్పక అడుగుతుంది: పొటాషియం ధన అయానే కదా, లోపల అంత ఉన్నప్పుడు లోపల రుణం ఎలా అయింది? ఈ ప్రశ్న వచ్చిందంటే పీరియడ్ సార్థకం. లీక్ ద్వారాలు చూపించండి. పొటాషియం వాటి గుండా కొద్దికొద్దిగా బయటికి జారుతుంది. వెంట వెళ్ళలేని రుణావేశపు ప్రోటీన్లు, ఇతర అయాన్లు లోపలే మిగిలిపోతాయి. అందుకే లోపల సుమారు మైనస్ 70 మిల్లీవోల్టులు.

గీత గీయించడం

నోట్‌బుక్‌లో అడ్డంగా కాలం, నిలువుగా మైనస్ 100 నుంచి ప్లస్ 50 వరకు మిల్లీవోల్టులు. మైనస్ 70 దగ్గర ఒక చుక్క. ‘ఉద్దీపన ఇస్తే ఈ చుక్క ఎటు పోతుంది? ఎంత పైకి? తిరిగి వస్తుందా? వస్తే సరిగ్గా అదే చోట ఆగుతుందా?’ అని అడిగి మూడు నిమిషాలు ఇవ్వండి. రబ్బరు వాడకూడదు. తప్పు గీత చెరిపేస్తే నేర్చుకున్న ఆనవాలు పోతుంది. సరైన గీతను తర్వాత వేరే రంగుతో దాని మీదే గీయాలి.

ఎక్కువ మంది గీసేది సున్నా దగ్గర ఆగే గీత. ‘సమానం అయిపోతుంది’ అనుకుంటారు. మరికొందరు పైకి వెళ్ళి అక్కడే ఉండిపోయే గీత గీస్తారు. రెండూ మంచి తప్పులే, పేర్లు చెప్పకుండా బోర్డు మీదికి ఎక్కించండి.

ఇప్పుడు బటన్

వేగం ‘స్లో మోషన్’లో పెట్టి, ‘పొటెన్షియల్ చార్ట్’ టిక్ పెట్టి, ఉద్దీపన ఇవ్వండి. నొక్కిన వెంటనే మన ఎదురుగా ఉన్న పొరలో ఏమీ జరగదు. దూరంగా ఉన్న కొస నుంచి ఒక వెలుగు ఆక్సాన్ వెంట పాకుతూ మన వైపు వస్తుంది, అది చేరాకే ద్వారాలు కదులుతాయి. పనిచేయలేదనుకుని పిల్లలు బటన్‌ను పదేపదే నొక్కే క్షణం ఇదే.

మొదటిసారి మామూలుగా చూడనివ్వండి. రెండోసారి ఒక్క సోడియం ద్వారాన్నే ఎంచుకుని, జూమ్ పెంచి, పాజ్ కొట్టి, ఒక్కో అడుగు ముందుకు జరపండి. తలుపు తెరుచుకుంటుంది, సోడియం లోపలికి దూసుకొస్తుంది, గ్రాఫు నిటారుగా లేస్తుంది. తర్వాత చూడాల్సింది తలుపు కాదు, ద్వారానికి లోపలివైపు తాడుకు వేలాడే బంతి. అది వచ్చి నోటికి అడ్డం పడుతుంది. తలుపు ఇంకా తెరిచే ఉంది, కానీ దారి మూసుకుపోయింది. అదే సమయానికి పొటాషియం తలుపులు నిదానంగా తెరుచుకుని పొటాషియం బయటికి పోతుంది, గ్రాఫు దిగుతుంది, మైనస్ 70 కంటే కాస్త కిందికి జారి మళ్ళీ సర్దుకుంటుంది. బంతి అడ్డం ఉన్నంతసేపూ ఎంత గట్టి ఉద్దీపన ఇచ్చినా ఆ చోట రెండో సంకేతం పుట్టదు. సంకేతం వెనక్కి మళ్ళకపోవడానికి కారణం కూడా ఆ బంతే. పుస్తకంలో రెండు పేజీల వివరణ చెప్పేది ఇక్కడ ఐదారు ఫ్రేముల్లో కనిపిస్తుంది, తొందరపడకండి.

మూడోసారి గాఢత సంఖ్యల మీదే కళ్ళు పెట్టమనండి. అన్ని అయాన్లు దూసుకుపోయినట్టు కనిపించినా సంఖ్యలు దాదాపు కదలవు. ఒక సంకేతానికి అటూ ఇటూ మారే అయాన్లు మొత్తంలో అత్యల్పం. వోల్టేజి తలకిందులు కావడానికి పొర దగ్గరి కొద్ది అయాన్లు చాలు.

పోలిక కావాలంటే దీపావళి వెయ్యి వాలా వాడుకోండి. ఒక టపాకాయ పక్కదాన్ని అంటిస్తుంది. అగరుబత్తితో అంటించినా, కాకరపువ్వొత్తితో అంటించినా చివరి టపాకాయ చప్పుడు ఒకటే. మొదటి టపాకాయలోని మందు చివరిదాకా ప్రయాణం చేయదు, అలాగే ఇక్కడ లోపలికొచ్చిన సోడియం ఆక్సాన్ చివరిదాకా పరిగెత్తదు. పోలిక ఎక్కడ తెగుతుందో కూడా చెప్పాలి: కాలిన టపాకాయ మళ్ళీ పేలదు, ఆక్సాన్ కొన్ని మిల్లీసెకన్లలో మళ్ళీ సిద్ధం.

సిమ్యులేషన్ చెప్పని సంగతులు

ప్రతి మోడల్‌లోనూ కొన్ని వదిలేస్తారు. ఏవి వదిలేశారో టీచర్ చెప్పకపోతే అవి లేవనే పిల్లలు అనుకుంటారు.

ఫెట్ బొమ్మలో సోడియం-పొటాషియం పంపు లేదు. మూడు సోడియంలను బయటికి, రెండు పొటాషియంలను లోపలికి తోస్తూ గాఢతల తేడాను నిలబెట్టేది అదే. లేకపోవడం ఒకందుకు మేలే. ‘పంపు వల్లే గ్రాఫు కిందికి దిగుతుంది’ అనే తప్పు చాలా గట్టిగా పాతుకుపోయింది. పంపు లేని ఈ సిమ్యులేషన్‌లోనూ గ్రాఫు చక్కగా దిగుతోంది కదా, దించింది ఎవరు? పొటాషియం. పంపు చేసేది దీర్ఘకాలపు చాకిరీ. దాన్ని ఆపేసినా పెద్ద ఆక్సాన్ వేల సంకేతాలు పంపగలదు.

ఉద్దీపన తీవ్రత మార్చే వీలు కూడా ఇందులో లేదు. బటన్ నొక్కిన ప్రతిసారీ సంకేతం వస్తుంది. కాబట్టి సుమారు మైనస్ 55 మిల్లీవోల్టుల దగ్గర ఉండే గడప, అది దాటని బలహీన ఉద్దీపన చప్పబడిపోవడం ఇక్కడ చూపలేం. దానికి అమృత ల్యాబ్ కావాలి. మైలిన్ తొడుగు కూడా ఈ బొమ్మలో లేదు. దాన్ని లెక్కతో చెప్పొచ్చు. కాలి బొటనవేలికి రాయి తగిలితే ముందు చురుక్కుమంటుంది, ఒక క్షణం ఆగి సలపరం మొదలవుతుంది. చురుకు తెచ్చేది మైలిన్ ఉన్న సన్న నాడి, సెకనుకు ఐదు నుంచి ముప్పై మీటర్లు. సలపరం తెచ్చేది మైలిన్ లేనిది, సెకనుకు సుమారు ఒక మీటరు. బొటనవేలి నుంచి మెదడుకు మీటరున్నర అనుకుని రెండు కాలాలూ లెక్క కట్టమనండి.

జలగ ల్యాబ్, రెండు పీరియడ్లు

దీనికి నెట్ కావాలి, అంతా ఇంగ్లిష్‌లో ఉంటుంది. అయినా శ్రమకు తగిన ఫలం ఉంది, ఎందుకంటే ఇందులో పిల్లలు ఏ కణమో తెలియకుండా వెతుకుతారు. జలగకు మత్తిచ్చి, పిన్నులు గుచ్చి, కోసి, నాడీదండంలోని ఒక నాడీసంధిని బయటపెట్టడం మొదటి భాగం. దీన్ని మీరు ముందే పూర్తి చేసి ఆ ట్యాబ్ తెరిచే ఉంచండి, పొరపాటున రీఫ్రెష్ కొట్టకండి. లేకపోతే పీరియడ్ అంతా కోతకే సరిపోతుంది.

పేర్ల దగ్గర ఒక ముల్లు ఉంది. గాంగ్లియాన్‌ను నాడీసంధి అంటాం, సైనాప్స్‌ను నాడీకణ సంధి అంటాం. ఒకటి కణాల గుంపు, రెండోది రెండు కణాల మధ్య సందు. ఈ పాఠం వరకు గాంగ్లియాన్, సైనాప్స్ అనే అనండి.

జలగ ఒక్కో గాంగ్లియాన్‌లో సుమారు 400 నాడీకణాలే ఉంటాయి, అవి పెద్దవి, ప్రతి జలగలోనూ దాదాపు అదే చోట ఉంటాయి. అందుకే శాస్త్రవేత్తలకు అదంటే మోజు. చర్మం నుంచి స్పర్శ తెచ్చేవి మూడు రకాలని 1968లో నికోల్స్, బేలర్ చూపించారు: తేలిక స్పర్శకు టీ, ఒత్తిడికి పీ, నొప్పికి ఎన్. ల్యాబ్‌లో మూడు పనిముట్లుంటాయి, ఈక, మొద్దు పుల్ల, ఫోర్సెప్స్. ఎలక్ట్రోడ్‌ను ఒక కణంలోకి దింపి, చర్మాన్ని వరుసగా మూడింటితో తాకి, ఆసిలోస్కోప్‌లో ఏది పలికిందో రాసుకోవాలి.

పిల్లలు చేసే తప్పు ఒకటే: ఫోర్సెప్స్‌తో మొదలుపెట్టి, స్పందన రాగానే ‘ఇది నొప్పి కణం’ అని తేల్చేయడం. గట్టిగా గిచ్చినప్పుడు తాకిడి కూడా ఉంటుంది, టీ కణమూ పలుకుతుంది. ఎప్పుడూ ఈకతో మొదలుపెట్టాలి. ఈకకే పలికితే టీ. ఈకకు పలకక పుల్లకు పలికితే పీ. రెంటికీ మౌనంగా ఉండి ఫోర్సెప్స్‌కు పలికితే ఎన్. మూడింటికీ ఉలకనివి కూడా తగులుతాయి, అవి స్పర్శ కణాలు కావు. ‘ప్రయోగం చెడింది’ అని కొట్టేయకుండా ఆ ఫలితమూ పట్టికలో రాయాలి. తర్వాత ఫ్లోరసెంట్ రంగు ఎక్కించి, కణం ఆకారాన్ని ల్యాబ్‌లోనే ఉన్న అట్లాస్‌తో పోల్చి నిర్ధారించుకోవచ్చు. స్పందన ఒకటి చెప్పి ఆకారం మరొకటి చెబితే, ఏది నమ్మాలో జట్టులో వాదించుకోనివ్వండి.

మౌస్ విషయంలో ఒక నియమం: నలుగురి జట్టులో మౌస్ పట్టుకున్నవారు సొంతంగా ఏమీ చేయకూడదు, పక్కవారు చెప్పిందే చేయాలి. మూడోవారు రాయాలి, నాలుగోవారు ‘ఎందుకు’ అని అడగాలి. ప్రతి కణం తర్వాత చోట్లు మారాలి. లేదంటే కంప్యూటర్ బాగా వచ్చిన ఒక్కరే మొత్తం నడిపించేస్తారు.

ఇంటర్ పిల్లలకు

అమృత ల్యాబ్ వెనక ఉన్న గణితం 1952లో హాడ్కిన్, హక్స్‌లీ అనే శాస్త్రవేత్తలు స్క్విడ్ అనే సముద్రజీవి లావుపాటి ఆక్సాన్ (జెయింట్ ఆక్సాన్) మీద కట్టిన మోడల్. వారికి 1963లో నోబెల్ వచ్చింది. లాగిన్ అడిగితే ఖాతాలు ముందే తెరిపించండి. ఇక్కడ చేయించాల్సింది ముఖ్యంగా రెండు. ఒకటి, ఇచ్చే విద్యుత్ ప్రవాహాన్ని కొద్దికొద్దిగా పెంచుతూ మొదటి స్పైక్ (గ్రాఫులో నిటారుగా లేచి దిగే సంకేతం) ఎక్కడ వచ్చిందో రాయడం, ఇంకా పెంచితే స్పైక్ ఎత్తు కాదు, సంఖ్య మారుతుందని గమనించడం. రెండు, ద్వారాలను అడ్డుకునే మందుల ప్రయోగం. పఫర్ చేపలోని టెట్రోడోటాక్సిన్ సోడియం ద్వారాలను మూసేస్తే స్పైక్ పుట్టదు. టీఈఏ (టెట్రాఇథైల్ అమోనియం) అనే రసాయనం పొటాషియం ద్వారాలను అడ్డుకుంటే పుట్టిన స్పైక్ దిగడానికి తంటాలు పడుతుంది. పంటి డాక్టర్ ఇచ్చే లిడోకైన్ మత్తు మొదటి దారిలోనే పనిచేస్తుంది.

లెక్కలిష్టమైన వారికి నెర్న్‌స్ట్ సూత్రం ఇవ్వండి: 37 డిగ్రీల దగ్గర, బయటి గాఢతను లోపలి గాఢతతో భాగించి, పదాధార లాగరిథమ్ తీసి 61.5తో హెచ్చించాలి. పొటాషియం బయట 5, లోపల 140 అయితే మైనస్ 89 మిల్లీవోల్టులు. సోడియం బయట 145, లోపల 12 అయితే ప్లస్ 67. గ్రాఫు ఈ రెండు గోడల మధ్యే ఎందుకు తిరుగుతుందో అప్పుడు వాళ్ళే చెబుతారు.

మార్కులు వేసేదెలా

స్క్రీన్‌షాట్‌కు మార్కులు వేయకండి, అది ఎవరైనా తీయగలరు. పెన్సిల్ గీత, దాని మీద రంగు గీత, రెండూ ఎక్కడ విడిపోయాయో రెండు వాక్యాలు, ఇవి చూడండి. పాత ప్రశ్నలకు బదులు ఇలాంటివి అడగొచ్చు: బయటి సోడియం సగానికి తగ్గిస్తే గ్రాఫు శిఖరం ఎటు జరుగుతుంది? సోడియం ద్వారంలో బంతి లేకపోతే ఏమవుతుంది? గట్టిగా గిచ్చినా, మెల్లగా తాకినా స్పైక్ ఎత్తు ఒకటే అయితే మెదడుకు తేడా ఎలా తెలుస్తోంది?

చివరి ప్రశ్నకు ‘స్పైకుల సంఖ్య, పలికిన కణాల రకం’ అని ఒక్కరు రాసినా ఆ కాగితాన్ని క్లాసులో చదివి వినిపించండి.